ఆట ఎక్కడ ఆగుతోంది?

బదిలీ ఆర్డరు చేతికి రాగానే మనవాళ్లందరం మూడు లెక్కలు వేసుకుంటాం. అద్దె ఇల్లు, పిల్లల బడి, సొంతూరికి రైలు. రెండేళ్ల క్రితం నన్ను విశాఖపట్నం నుంచి రాయ్‌పూర్‌కు వేసినప్పుడు ఈ మూడూ సులువుగానే తేలాయి. శంకర్ నగర్‌లో మూడో అంతస్తులో ఫ్లాటు కుదిరింది. అబ్బాయికి పదో తరగతిలో సీటు దొరికింది. ఊరెళ్లడానికి సమతా ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. నా లెక్కలోకి రానిది ఒకటి మిగిలిపోయింది. విశాఖలో ఉండిపోయిన మావాడి నలుగురు స్నేహితులు.

వాళ్లు దానికి దారి వాళ్లే వెతుక్కున్నారు. ప్రతి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు అయిదుగురూ కంప్యూటర్ల ముందు కూర్చుని వాలరెంట్ అనే ఆట ఆడతారు. అయిదుగురు ఒక జట్టు, ఎదురుగా ఇంకో అయిదుగురు. పేరుకే ఆట గాని, నిజానికి అది వాళ్ల వీధి అరుగు. పరీక్షల కబుర్లు, మాస్టార్ల మీద జోకులు, ఆర్కే బీచ్‌లో ఆ వారం ఏం జరిగిందో, అన్నీ హెడ్‌ఫోన్లలోనే.

గత వేసవి నుంచి ఆ అరుగు మీద గొడవ మొదలైంది. "నాన్నా, ల్యాగ్ అవుతోంది" అన్నాడు మావాడు. నెట్ స్పీడు చాలడం లేదనుకుని 40 ఎంబీపీఎస్ పథకాన్ని 200కు మార్పించాను. నెల బిల్లు పెరిగింది, ఆట మాత్రం మారలేదు. తర్వాత వాడు 28,000 రూపాయల గ్రాఫిక్స్ కార్డు అడిగాడు. "ముందు చదువు సంగతి చూడు" అని నేను ఫైలు మూసేశాను.

ఒక శనివారం రాత్రి మంచినీళ్లకు లేచాను. వాడి గది తలుపు ఓరగా తీసి ఉంది. "సరే లేరా, మీరు ఇంకొకణ్ణి చూసుకోండి. నా వల్లే ఓడిపోతున్నారు" అంటున్నాడు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, లైటు ఆర్పేసి, చీకట్లో అలాగే కూర్చున్నాడు. నేను నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చేశాను.

మన శాఖకు ఎవరైనా వచ్చి "ఏటీఎంలో డబ్బు రాలేదు, ఖాతాలో మాత్రం కోత పడింది" అంటే మనం కొత్త ఏటీఎం కొనం, ఆయన్ని కోప్పడం కూడా. జర్నల్ తీసి లావాదేవీ ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తాం. ఇరవై ఏళ్లుగా బయటివాళ్ల ఫిర్యాదుల విషయంలో చేస్తున్న పని, ఇంట్లో ఫిర్యాదు వస్తే చేయలేదు. మర్నాడు ఆదివారం ఒక రూళ్ల పుస్తకం తీసుకుని వాడి గదిలోకి వెళ్లాను. తర్వాత మూడు వారాల్లో మేమిద్దరం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన సిబ్బంది ఇళ్లలో ఇదే ఫిర్యాదు వింటున్న తల్లిదండ్రులు చాలామందే ఉంటారు.

రెండు జబ్బులు, ఒకటే మూలుగు

పిల్లలు అన్నింటికీ కలిపి "ల్యాగ్" అంటారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ల్యాగ్ అంటే ఆలస్యం, దాని మూలం నెట్ దారిలో ఉంటుంది. స్టటర్ అంటే తడబాటు, దాని మూలం మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ల్యాగ్‌లో మన తెర హాయిగా కదులుతూనే ఉంటుంది. ఎదుటివాడు మాత్రం ఇక్కడ మాయమై అక్కడ తేలుతాడు, మనం పేల్చిన తూటా ఆలస్యంగా తగులుతుంది, నాలుగడుగులు ముందుకు వేసిన మన బొమ్మ ఎవరో తాడు పట్టి లాగినట్టు వెనక్కి వచ్చేస్తుంది. స్టటర్‌లో తెర మీది బొమ్మ మొత్తం ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది.

తేడా పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆటలో ఎవరూ లేని చోట ఖాళీ గోడ వైపు తిరిగి, మౌస్‌ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పమనండి. మన చూపు తిరగడమనేది మన కంప్యూటర్ సొంతంగా చేసే పని. దానికి దూరాన ఉన్న సర్వర్ అనుమతి అక్కర్లేదు. అప్పుడు కూడా బొమ్మ పట్టి పట్టి కదిలితే అది స్టటర్. గోడ నున్నగా తిరుగుతూ మనుషులు మాత్రమే ఎగిరిపడుతుంటే అది ల్యాగ్.

మావాడి చేత ఈ పరీక్ష చేయించాను. మధ్యాహ్నం ఎండ వేళ గోడ కూడా తడబడింది. రాత్రి పది దాటాక గోడ బాగానే ఉంది, మనుషులు ఎగిరారు. అంటే మా ఇంట్లో రెండు జబ్బులూ ఉన్నాయి. ఒకే మందుతో రెండూ తగ్గాలని చూడటమే అప్పటిదాకా మేం చేసిన పొరపాటు.

దారి ఎంత దూరం?

ముందు ల్యాగ్ సంగతి. మావాడు రాయ్‌పూర్‌లో, స్నేహితులు విశాఖలో. మధ్య దూరం సుమారు 500 కిలోమీటర్లు. కాబట్టి ఆట కూడా ఆ దారినే వెళ్తుందని నేను అనుకున్నాను. అలా వెళ్లదు. ఒకే శాఖలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ఖాతాదారుల మధ్య డబ్బు బదిలీ చేసినా, కోర్ బ్యాంకింగ్‌లో ఆ లెక్క దూరాన ఉన్న డేటా సెంటర్‌కు వెళ్లే కదా పోస్టవుతుంది? ఆటలోనూ అంతే. అయిదుగురి కదలికలూ ముంబైలోని సర్వర్‌కు వెళ్తాయి. ఎవరు ముందు పేల్చారో, ఎవరికి తగిలిందో అక్కడ తేలుతుంది. ఆ తీర్పు అందరికీ తిరిగి వస్తుంది. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఈ లెక్క చూస్తుంది.

మన మాట సర్వర్‌కు వెళ్లి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారు. సెకనులో వెయ్యో వంతును మిల్లీసెకను అంటాం, పింగ్‌ను ఆ కొలతలోనే చెబుతారు. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ ఈ కొలత కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసి, జలాంతర్గాముల సోనార్ శబ్దాన్ని తలచుకుని దానికి ఆ పేరు పెట్టాడు. ఈ మాట చెప్పగానే మావాడి మొహం వెలిగింది. చిన్నప్పుడు వాణ్ణి ఎన్నోసార్లు ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిలోకి తీసుకెళ్లాను. నీళ్లలోకి శబ్దం వదిలి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కట్టడం వాడికి అక్కడే తెలిసింది.

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. రాయ్‌పూర్ నుంచి ముంబై తిన్నగా సుమారు 950 కిలోమీటర్లు, రానూపోనూ 1,900. తీగ తిన్నగా ఉన్నా సుమారు 9.5 మిల్లీసెకన్లు పడుతుంది. అది తిన్నగా ఉండదు, మధ్యలో ఎన్నో మజిలీలు ఉంటాయి. మా ఇంట్లో బాగున్న రోజున 35 వస్తుంది. ఏ పథకం కొన్నా ఈ దూరాన్ని చెరపలేం. సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే, 35తో ఆట హాయిగా ఆడుకోవచ్చు.

మరి 200 ఎంబీపీఎస్ ఎందుకు పనికిరాలేదు? ఎంబీపీఎస్ అనేది రోడ్డు వెడల్పు. పింగ్ అనేది ప్రయాణ సమయం. ఆటకు ఒకటి రెండు ఎంబీపీఎస్ ఉన్నా సరిపోతుంది, అది సైకిల్ మీద వెళ్లే పోస్ట్‌మ్యాన్ లాంటిది. రోడ్డును ఎనిమిది వరసలు చేసినంత మాత్రాన సైకిల్ వేగం పెరగదు. ఆ పోస్ట్‌మ్యాన్‌కు కావలసింది ఆటంకం లేని దారి. పింగ్ నిలకడగా 60 ఉన్నా పిల్లలు దానికి అలవాటు పడతారు. ఒకసారి 30, మరుక్షణం 200, మళ్లీ 40 అయితే ఎవరూ ఆడలేరు. ఈ ఊగిసలాటను జిట్టర్ అంటారు. దారిలో కొన్ని ఉత్తరాలు పూర్తిగా పోతే అది ప్యాకెట్ లాస్. ఆటలు సాధారణంగా పోయిన ఉత్తరాన్ని మళ్లీ పంపించుకోవు. అర సెకను కిందటి కబురు ఆటలో ఎవరికి కావాలి? అందుకే ఉత్తరం పోయిన చోట మనిషి ఎగిరిపడినట్టు కనిపిస్తాడు.

మొదటి దొంగ గోడలో

మా రూళ్ల పుస్తకంలో నాలుగు గడులు గీశాం. సమయం, పింగ్, లాస్, ఆ సమయంలో ఇంట్లో ఎవరు ఏం చేస్తున్నారు. పింగ్, లాస్ ఆటే చూపిస్తుంది. వాలరెంట్‌లో సెట్టింగ్స్‌లో వీడియో కింద స్టాట్స్ అనే చోట వాటిని ఆన్ చేసుకోవచ్చు. నాలుగో గడి నేను పెట్టించింది. చివరికి దొంగను పట్టించింది అదే.

తర్వాత దారిని రెండు ముక్కలు చేశాం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అనే మాటను ఇంగ్లీషులో కొట్టి, పక్కన రూటర్ చిరునామా, చివర హైఫన్, టి అక్షరం కొడితే ఆపేదాకా కొలుస్తూనే ఉంటుంది. రూటర్ చిరునామా చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది, లేకపోతే రూటర్ అడుగున చీటీ మీద చూడండి. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగి మొత్తం లెక్క చెబుతుంది. ఇంకో కిటికీలో అదే పని బయటి చిరునామా 8.8.8.8కు చేయాలి. ఇది గూగుల్ వాళ్లది.

గదిలో కంప్యూటర్ నుంచి హాల్లో రూటర్‌కు పింగ్ ఒకటి రెండు మిల్లీసెకన్లు దాటకూడదు. మా ఇంట్లో అది 3 నుంచి 180 దాకా గంతులేసింది. ముంబై దాకా ఎందుకు, ఉత్తరం మా వంటింటి గోడ దాటడానికే అవస్థ పడుతోంది.

వైఫైలో ఒకే మైకు ఉన్న సభలాంటి పరిస్థితి ఉంటుంది. ఒక ఛానల్ మీద ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే, 1, 6, 11. మా అపార్ట్‌మెంట్‌లో నా ఫోనుకు కనిపించిన వైఫైలు పద్నాలుగు. పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే పట్టీలో పనిచేస్తుంది, మాది సరిగ్గా హాలుకూ వాడి గదికీ మధ్యన ఉంది. మా ఆవిడ పాలు వేడి చేసినప్పుడల్లా మావాడు ఆటలో చచ్చిపోతున్నాడని పుస్తకం చెప్పింది.

5 గిగాహెర్ట్జ్ పట్టీకి మారిస్తే కొంత మెరుగైంది. అయితే అది గోడలు దాటడంలో బలహీనం. చివరికి 450 రూపాయలతో 15 మీటర్ల క్యాట్ 6 కేబుల్ తెచ్చి, గుమ్మాల పైనుంచి క్లిప్పులు కొట్టి గదిలోకి లాగాం. రూటర్ పింగ్ ఒకటి దగ్గర నిలిచింది.

రెండో దొంగ ఇంటి పెద్దే

ఆ శనివారం అందరం ఆశగా చూశాం. పది దాకా అంతా బాగుంది. పదింపావుకు బయటి పింగ్ 35 నుంచి 400కు ఎక్కింది. రూటర్ పింగ్ మాత్రం ఒకటే. అంటే గోడ దొంగ పోయినా ఇంకో దొంగ ఉన్నాడు. నెట్ కంపెనీ వాళ్లకు ఫిర్యాదు రాయడానికి నేను కలం తీశాను. మావాడు పుస్తకం నాలుగో గడి చూపించాడు. గత రెండు శనివారాలూ ఆ సమయానికి ఒకే మాట ఉంది. "నాన్న ఫోను ఛార్జింగ్."

శనివారం సాయంత్రం మేం తేలీబాంధా చెరువు గట్టు మీద నడకకు వెళ్తాం. విశాఖలో ఉన్న అమ్మకు పంపడానికి నేను వీడియోలు తీస్తాను. రాత్రి ఫోను ఛార్జింగ్‌కు పెట్టగానే అది వైఫై పట్టుకుని ఆ వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతుంది. మా పథకంలో కిందికి దిగే దారి 200, పైకి ఎక్కే దారి 10 మాత్రమే. ఒక జీబీ వీడియో ఆ దారిలో ఎక్కడానికి 13 నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపూ రూటర్‌లో పెద్ద క్యూ.

ఒకటో తేదీన పెన్షన్ల రోజు ఒకే కౌంటర్ తెరిచి ఉంది, ముందున్నాయన సంచీడు పది రూపాయల నాణేలు కుమ్మరించాడు అనుకోండి. వెనకాల కేవలం పాస్‌బుక్ మీద ఒక్క సంతకం కోసం వచ్చిన పెద్దాయన కూడా అంతసేపూ నిలబడాల్సిందే. నా వీడియో నాణేల సంచి. మావాడి ఆట ఒక్క సంతకం.

ఈ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010లో తన ఇంటి నెట్‌లోనే దీన్ని గమనించి ప్రపంచానికి చాటాడు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ ఈ క్యూను పొట్టిగా ఉంచే పద్ధతిని ప్రకటించారు. ఇప్పుడు కొన్ని రూటర్లలో క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎం పేరుతో ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, మనకు నిజంగా వస్తున్న వేగంలో 85 నుంచి 90 శాతం దగ్గర పరిమితి పెట్టాలి. చిన్న పనివాళ్లకు వేరే కౌంటర్ తెరిచినట్టు అవుతుంది. మా రూటర్‌లో ఆ సదుపాయం లేదు. శనివారం రాత్రి నా ఫోను వైఫై ఆపేసి ఛార్జింగ్ పెట్టడమే మా ఎస్‌క్యూఎం.

ఇంట్లో అన్ని పరికరాలూ ఆపేసి, కేబుల్ మీద కొలిచినా బయటి పింగ్ ఊగుతుంటే అప్పుడు తప్పు నెట్ కంపెనీ వైపు ఉండొచ్చు. తేదీ, సమయం, రూటర్ పింగ్, బయటి పింగ్ రాసిన కాగితంతో ఫిర్యాదు చేయండి. "నెట్ బాగాలేదు" అన్న మాటకూ, ఈ కాగితానికీ వచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది. కౌంటర్‌కు ఇవతల కూర్చునే మనకు ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

సగటు నిల్వను నమ్మకండి

ఇక స్టటర్. తెర మీది కదలిక అంటే వరసగా మారే బొమ్మలు. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్ల గడువు. మావాడి ఆట సగటున సెకనుకు 110 బొమ్మలు చూపిస్తోంది. "సగటు బాగానే ఉందిగా" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. త్రైమాసిక సగటు నిల్వ ఘనంగా ఉన్న ఖాతాలోనూ చెక్కు వచ్చిన రోజున డబ్బు లేక అది వాపసు పోవడం మనం చూడలేదా? బొమ్మల్లో తొంభై తొమ్మిది సమయానికి వచ్చి, ఒక్కటి పదో వంతు సెకను ఆలస్యమైనా కంటికి కనిపించేది ఆ ఒక్కటే.

మా ఇంట్లో మధ్యాహ్నమే ఎందుకు తడబడింది? రాయ్‌పూర్ మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పైగా ఉర్లా, సిల్తరా వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు ఉన్న ఊరిది, మా బాల్కనీ పొద్దున తుడిస్తే సాయంత్రానికి నల్లటి పొడి. సీపీయూ డబ్బా పక్క రేకు విప్పి చూస్తే ఫ్యాను రెక్కల మధ్య అదే పొడి దుప్పటిలా పరుచుకుని ఉంది. ప్రాసెసర్ మరీ వేడెక్కితే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో చూస్తే ఆట మధ్యలో 97 డిగ్రీలు. కరెంటు తీసేసి, మెత్తటి బ్రష్షుతో దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి 300 రూపాయల కొత్త పేస్టు రాశాం. 78కి దిగింది. డబ్బాను గోడ మూల నుంచి కూడా జరిపాం.

రెండో కారణం ర్యామ్. ఒకటే 8 జీబీ ముక్క ఉంది. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచి ఆట మొదలుపెడితే చోటు చాలక కంప్యూటర్ డిస్కు వైపు పరుగెడుతోంది. 1,800 రూపాయలతో అలాంటిదే రెండో ముక్క వేశాం. చోటు రెట్టింపు కావడమే కాదు, రెండు ముక్కలు ఉంటే ప్రాసెసర్‌కు రెండు కౌంటర్లు తెరిచినట్టు. మొత్తం ఖర్చు 2,550. గ్రాఫిక్స్ కార్డు ధరలో పదో వంతు కూడా కాలేదు.

మీ ఇంట్లో ఈ వరసలో చూడండి

1. గోడ పరీక్ష చేసి ల్యాగా, స్టటరా తేల్చుకోండి.
2. ల్యాగ్ అయితే రూటర్‌కు, బయటికి విడివిడిగా పింగ్ కొలవండి. రూటర్ పింగే ఊగితే కేబుల్ వేయండి. బయటిది ఊగితే ఇంట్లో ఎవరు అప్‌లోడ్ చేస్తున్నారో చూడండి. ఆ తర్వాతే కంపెనీకి ఫిర్యాదు.
3. ఆట సెట్టింగ్స్‌లో సర్వర్ ముంబైది ఎంచుకుని ఉందో లేదో చూడండి. పొరపాటున సింగపూర్ అయితే పింగ్ పెరగక తప్పదు.
4. స్టటర్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అప్‌డేట్లు, యాంటీవైరస్ స్కాన్ ఆట సమయంలో నడుస్తున్నాయేమో చూడండి.
5. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టి ఉండాలి, మదర్‌బోర్డు మీది రంధ్రానికి కాదు. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 మీదే వదిలేసిన ఇళ్లూ ఉంటాయి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో సరిచూడండి.
6. కొత్త అప్‌డేట్ వచ్చిన మొదటి అరగంట కొన్ని ఆటలు తడబడతాయి. బొమ్మల లెక్కలు మొదటిసారి కట్టుకోవడం వల్ల అలా అవుతుంది, దానంతటదే సర్దుకుంటుంది. కంగారుపడి డబ్బు పెట్టకండి.
7. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, చేసింది రాసుకోండి. మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇదంతా చేసినందువల్ల మావాడు గొప్ప ఆటగాడేమీ అయిపోలేదు. ఇప్పుడూ వాళ్లు బాగానే ఓడిపోతారు. "ఈసారి నెట్ మీదకు నెట్టలేవురా" అని విశాఖ వాళ్లు వెక్కిరించడం హెడ్‌ఫోన్ల బయటికి వినిపిస్తుంది. వాడు పగలబడి నవ్వుతాడు. వచ్చే ఏడాదో ఆపై ఏడాదో మళ్లీ ఆర్డరు వస్తుంది, ఊరు మారుతుంది. అప్పుడు నా లెక్కలు మూడు కాదు, నాలుగు. కొత్త ఇల్లు చూసేటప్పుడు వాడి గదికి కేబుల్ ఎటు నుంచి లాగాలో కూడా చూస్తాను.

మొన్న శనివారం రాత్రి పదింపావుకు గదిలోంచి ఒక కేక వినిపించింది.

"నాన్నా! ఫోను!"

వైఫై ఆపడం మరిచిపోయి ఛార్జర్ పెట్టేశాను. పరుగున వెళ్లి ఆపేశాను.